ఒంటి అడుగు

ఆచంట లాకుల దగ్గర బస్సు దిగి
గట్టు మీద నా ముందు నడుస్తున్నారు
కల్నల్ గారు.
ఒండ్రు నేల, రాత్రి వాన.
ఒక పాదం, ఒక చంకకర్ర బెజ్జం,
మళ్లీ ఒక పాదం.

ఆ రాత్రీ ఇంతే.
మందుపాతరల ఇసుకలో
పటాలాన్నంతా వెనకేసుకుని
రొట్టెల పిండి గుప్పిళ్లతో చల్లుకుంటూ
"నా అడుగులోనే అడుగెయ్యండ్రా" అన్నారు.
లెక్కపెడుతూనే ఉన్నాను,
నూట పద్నాలుగో అడుగు దగ్గర
వెలుగు.
పడిపోయినాయన చెయ్యెత్తి
"ఇటు కాదు, ఎడమకి."

ఎడమకే వెళ్లాం.
తెల్లారేసరికి దిబ్బ మాది.

తూము దాటుతూ వెనక్కి తిరక్కుండానే
"జారుద్దిరా పల్లాలూ, చూసుకో."

చెప్పులు చేత పట్టుకున్నాను.
ఒక కాలు ఆయన అడుగులో పెట్టాను.
రెండోది ఎక్కడ పెట్టాలో
ఇప్పటికీ తెలీదు.