పాత జబ్బుల గడి

ట్రోమ్సోలో పగలు పుట్టని జనవరి.
వంటింటి బల్లమీద పాలసీ కాగితాలు పరిచి
లావోస్ వానల్ని చదువుతున్నాం నేనూ స్వెర్రే.

డెంగీకి ఇస్తారట.
కోతి కరిస్తే ఇస్తారు, రసీదు ఉండాలి,
కోతిది కాదులే, ఆసుపత్రిది.
అద్దె స్కూటరు మీంచి పడితే మన ఖర్మ.
శవాన్ని ఇంటికి చేర్చడానికి మాత్రం
విరిగిన కాలికంటే ధారాళంగా రాశారు.
నవ్వాం. కాఫీ చల్లారింది.

ఇదివరకే ఉన్న జబ్బులు, అన్న గడి దగ్గర
అతని కలం ఆగింది.
తల ఎత్తకుండా రాశాడు:
గుండె. పోయిన మార్చి. పడవ మీద, ఒక్కణ్ణే.

కిటికీ కింద మంచు తోసే బండి
గోడమీద పసుపు వెలుగు తిప్పుతూ పోయింది.

ప్రీమియం నాలుగొందల క్రోన్లు పెరిగింది.
ముప్ఫై ఏళ్ల కాపురంలో
ఇంత చవగ్గా ఏదీ తెలియలేదు నాకు.

కట్టేయ్, అన్నాను
బూట్లు తొడుక్కుంటూ,
ఎక్కడికో తెలియకుండానే.