అడుగంటకుండా

శాంతి గురించి పిల్లలకి నాలుగు మాటలు చెప్పమన్నారు.
నాకు ఉపన్యాసాలు రావు హెడ్మాస్టరు గారూ,
బోస్నియాలో ఈ కొండ కింద పుట్టి పెరిగినదాన్ని,
నాకొచ్చిందల్లా ప్లమ్ పళ్ళ పాకం.
రాగి కొప్పెర, నాలుగు మోపుల కట్టెలు,
బారెడు తెడ్డు ఇప్పించండి, చాలు.

ఈ బడికి రెండు గుమ్మాలు.
రెండు గంటలు, పది నిమిషాల తేడాతో మోగుతాయి.
ఆటస్థలం నడుమ తీగల కంచె.
ఆ గుమ్మం పిల్లలకి రొట్టె అంటే క్రుహ్,
ఈ గుమ్మం పిల్లలకి హ్ల్యెబ్.
చెంచాకీ రెండు మాటలే.
ప్లమ్ పండుకి మాత్రం ఎందుకో
అందరూ ఒక్క పేరే మిగుల్చుకున్నారు.

కంచెకి తలుపున్న చోటే గాడిపొయ్యి తవ్వించాను.
వేరే చదును నేల లేదని చెప్పాను.
అబద్ధమే.

సెప్టెంబరు శనివారం, ఊరంతా వచ్చింది.
అకార్డియన్ వాయించే కుర్రాడు
ఎవరి పాట ముందో తేలక
ఊరికే తిత్తి సాగదీస్తూ, మూస్తూ కూర్చున్నాడు.
రూజా వచ్చి నా ఎదుట పీట వేసుకుంది.
ముప్పై ఏళ్ళలో మేం మాట్లాడుకున్న మాటలు
వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.
"నా కత్తి మొండిది," అంది.
నాది ఇచ్చాను.

తెడ్డుకి ఇద్దరు కావాలి, చెరో వైపు.
వెదాద్ ఒక కొస, జ్రింకా ఒక కొస.
ఇటు తిప్పాలని వాడు.
మా అమ్మమ్మ అటే తిప్పుతుందని ఆ పిల్ల.
తెడ్డు ఆగిపోయింది.
నేను నోరు విప్పలేదు. రూజా కూడా.
ముందు వాసన వచ్చింది,
తర్వాత రెండు గుమ్మాల పిల్లలూ ఒక్కసారే అరిచారు,
అడుగంటుతోంది, అడుగంటుతోంది!
ఎటు తిరిగిందో ఎవరూ చూడలేదు.
తిరిగింది.

పొద్దు వాలాక ఒక చిన్నది అడిగింది,
"యుద్ధంలో ఏమైంది?"
రూజా నావైపు చూసింది.
ఆమె తమ్ముడూ, నా పెనిమిటీ
ఒకే వారం, ఒకే వంతెన.
"తిప్పుతూ ఉండు, చెప్తాను," అన్నాను.
కొంత నేను చెప్పాను.
మిగతాది ఆమె చెప్పింది.
అందులో ఒక ముక్క
నాకూ ఇన్నేళ్ళుగా తెలియనిది.

అర్ధరాత్రికి పాకం నల్లగా మెరిసింది.
ఎక్కడో కాస్త మాడు రుచి.
సీసాల్లో అదే పోశాం,
దాన్నొక్కదాన్నీ వడకట్టలేం కదా.

సోమవారం రెండు గంటలూ మోగాయి,
పది నిమిషాల తేడాతోనే.
ఆ పది నిమిషాలూ ఎవరో ఇద్దరు
కంచె దగ్గర గొంతుక్కూర్చుని
బూడిదలో అరచేతులు పెట్టి
ఇంకా వెచ్చగా ఉందా అని చూస్తున్నారు.