తలుపవతలి మాట

అంకీసకు వచ్చి అప్పటికి రెండో నెల.
జీపు కొత్తది, అప్పు కొత్తది.
ఊరు మాత్రం మా మహదేవ్‌పూర్ లెక్కనే
తెలుగుల తిట్టుకుంటది, తెలుగుల బేరమాడుతది.
బోర్డుల మీద అక్షరాలే వేరు.
బడి గోడకు, బస్టాండుకు, కరెంటు బిల్లుకు
దండెం మీద ఆరేసిన బట్టల తీరు
గీత పట్టుకొని వేలాడుతుండేటియి.

ఆ రాత్రి వాన.
రేకుల చప్పుడుకు నా దగ్గు నాకే వినవడ్తలేదు.
ఎవరో తలుపు కొట్టిండ్రు.
ఎవరూ? అన్న.
మీ, అన్నడు.

ఆగిన.
మా భాషల ఆ మాట ఒంటిగ నిలవడదు.
మీ అన్నంక ఎన్క ఇంకోటి రావాలె.
మీ బావను, మీ పాలోన్ని, మీ ఊరోన్ని.
కొక్కేనికి ఏదో ఒకటి తగిలించాలె గద.
'మీ ఫైనాన్సోళ్ళం' అంటరేమోనని
చీకట్ల లుంగీ బిగించుకొని నిలబడ్డ.

ఏదీ రాలె.
మళ్ళ అన్నడు, మీ.
ఊపిరి మింగి,
తీ... అన్నడు.

తీ అంటే తీసిన.

ఫారెస్టు గార్డు వామన్ ఝాడే.
చంద్రపూర్ దిక్కుకెల్లి బదిలీ మీద వచ్చినాయన.
టోపీ లేదు. ఒక్క కాలికే చెప్పు.
టార్చి తన పొట్ట మీదికే తిప్పుకొని
గాలిల చెయ్యి గుండ్రంగ తిప్పిండు.
ఆ ఒక్కటి నాకు అర్థమైంది.

దారిల రెండు వాగులు.
రెండోది హెడ్‌లైట్లను మింగింది, మళ్ళ కక్కింది.
ఎనుక సీట్ల రుఖ్మా గుంత గుంతకు
ఆయీ, ఆయీ అని ఎవరినో పిలిచింది.
అమ్మనని నాకప్పుడు తెల్వదు.
మా అక్క పేరు ఆయిలమ్మ, గామెను గుర్తు చేసుకున్న.

సిరొంచ ఆసుపత్రి మెట్ల మీద జారి పడ్డ.
'కాలు, కాలు' అంటే
నాగ్‌పూర్ సిస్టరు చీటీల రాసిందట,
నొప్పి నిన్నటి నుంచి, అని.
ఇప్పుడే పడ్డ తల్లీ. నీ ముందటనే.

తెల్లారంగ ఆడపిల్ల.
టీ కొట్టు కాడ బడిపంతులు పోచం
బన్ను ముంచుకుంట విడమర్చిండు.
వాళ్ళ మీ అంటే నేను.
వాళ్ళ తీ అంటే ఆమె.
నేను. ఆమె...
గంతదాకే అనగలిగిండు ఆ మనిషి.
నొప్పులు పడ్తుందన్న ముక్క
వానల కొట్టుకపోయింది.

పంతులు నవ్విండు. నాకు నవ్వు రాలె.
కుంటుకుంట జీపు కడుగుకుంట అదే అనుకున్న:
వాడు నేను అంటడు,
ఆ నేను గడప దాటి నా చెవిల పడేసరికి
నాదైపోయి కూసుంటది.
అప్పు పత్రం మీద నేను అని వేలిముద్ర పెట్టినోన్ని,
నాకు ఇంత చిన్న మాటల ఇంత తిరకాసు ఉన్నదని
ఎవరూ చెప్పలె.
డీజిలు పైసలు ఇయ్యబోతే ఒద్దన్న.
ఒద్దన్నది మాత్రం ఆయనకు తెలుగులనే అర్థమైంది,
ఐనా జేబుల కుక్కిండు.

పదకొండేండ్లు పోయినయి.
వాళ్ళు ఆలపల్లికి మారిండ్రు.
పెండ్లి కిరాయికి అటు పోయి
ఒకరోజు పొద్దూకంగ ఆ క్వార్టరు తలుపు కొట్టిన.
దారి పొడుగుత పాఠం లెక్క అనుకుంట పోయిన.

కోణ్? అన్నది లోపలికెల్లి ఒక పిల్ల గొంతు.
మీ, అన్న.

చప్పుడు లేదు.
గొళ్ళెం మీద చెయ్యి ఆగినట్టుంది.
ఏడేండ్లు అంకీస పిల్లలతోటి గోలీలాడిన పిల్ల,
నా యాస పట్టుకున్నది.

మీ... ఏందీ? అన్నది, మా తెలుగుల.

ఏం చెప్పాలె.
రోడ్డు మీద ఇంజిను ఇంకా ఆర్పలె, 
గుడగుడమంటున్నది.

మీ జీపు, అన్న.