వాయిదాల పట్టిక

పుంటా అరేనాస్‌లో చెదలుండవు.
ఈ చలిగాలికి పురుగైనా కాగితం జోలికి రాదు.
ఆ ధీమాతోనే
బిస్కెట్ల డబ్బాలో దాచాను పద్నాలుగు డిస్కుల్ని.

ప్రతిదాని మీదా బెలార్మీనో కోడిగీతలు:
"గొర్రెల ఉన్ని కోత, 2003."
"ఓడ దిగిన రోజు."
ఒకదాని మీద ఊరికే, "పారెయ్యొద్దు."

వెండిపూత చేప పొలుసులా లేచింది.
డ్రైవు దాన్ని నోట్లో పెట్టుకుని
చాలాసేపు నమిలింది,
రాయి తగిలినట్టు ఆగి
మళ్ళీ నమిలింది.

మొదటి ఫోటో పైనుంచి దిగడం మొదలెట్టింది.
ఆకాశం. గాలికి ఒక పక్కకే పెరిగిన లెంగా చెట్టు.
అతని టోపీ. నుదురు.
కనుబొమల దగ్గర
బూడిదరంగు.
అక్కణ్ణుంచి కిందికంతా అదే.

"ఇంకో వేలెడు దిగితే కళ్ళొచ్చేవి కదా" అన్నాను
కొట్లో కుర్రాడు నెమెసియోతో.
తల గోక్కున్నాడు.
"ఫైలు సైజు మాత్రం సరిగ్గానే ఉంది, సెన్యోరా,"
అదో ఓదార్పన్నట్టు.

వీడియో ఒకటి పలికింది, పదకొండు సెకన్లు.
కుక్క మొరిగింది. ఎవరో పిలిచారు,
"ఎర్సి..."
మిగతా సగం ఏ గీతలో ఇరుక్కుందో.

చెక్కుచెదరకుండా తెరుచుకున్నది ఒక్కటే:
వాషింగ్ మెషీన్ వాయిదాల పట్టిక.
ఇరవై నాలుగు నెలలు, చిల్లర పెసోలతో సహా.
పద్దెనిమిదో నెల పక్కన రాసుకున్నాడు:
"ఇది ఎర్సిలియా కట్టేసింది.
నాకు తెలియదనుకుంటోంది."

నాలుగు కాపీలు తీయమన్నాను.
నెమెసియో తీశాడు,
మూడింటికే డబ్బు తీసుకున్నాడు.