ఎడమ మర

రాణీగంజ్‌లో మా దుకాణం
పదకొండడుగుల వెడల్పు, లోపలికి పోతే రైలుపెట్టె.
ఇరుపక్కలా పైకప్పు దాకా అట్టపెట్టెలు,
పెట్టెల నిండా బోల్టులు, నట్లు, వాషర్లు, బేరింగులు,
వాటి నడుమ నూనె వాసనలో
ముప్పైయొక్క ఏళ్లుగా జిలానీ భాయ్.
ఏది ఎక్కడుందో ఆయన్నే అడగాలి.
ఆయనకు జ్వరమొస్తే
దుకాణానికి మతిమరుపు వచ్చేది.

మొదటి కంప్యూటర్ భయంతో కొన్నాను.
ఎదురు షాపువాళ్లు కొన్నారని, అంతే.
అమ్మినతను నలభై తెరలు చూపించాడు,
రంగుల గుండ్రాలు, ఎక్కే గీతలు, దిగే గీతలు.
ఏడాది పాటు అది అగరుబత్తి పొగ పీలుస్తూ
లక్ష్మీదేవి పటం పక్కన
ఇంకో పటంలా కూచుంది.

తర్వాత మా అక్క కూతురు హిమజ వచ్చింది.
వచ్చి, యంత్రాన్ని ముట్టుకోలేదు.
స్టూలు వేసుకుని నాలుగు రోజులు ఊరికే చూసింది.
ఎన్నిసార్లు నిచ్చెన ఎక్కుతున్నాం,
ఎన్నిసార్లు వట్టి చేతులతో దిగుతున్నాం,
"మళ్లొస్తం" అన్న గిరాకీల్లో
ఎందరు మళ్లీ రాలేదు.
"పిన్నీ, నలభై తెరలు నీకెందుకు?
ఏముంది, ఎక్కడుంది, ఎవరు బాకీ.
మూడు చాలు."

జిలానీ భాయ్ తలలోని అరలన్నీ
ఒక్కొక్కటే చెప్పించి ఎక్కించాం.
పన్నెండో అర దగ్గర ఆయన ఆగిపోయాడు.
"అంతా దీనికే చెప్పేస్తే అక్కా,
నా దగ్గర ఏం మిగుల్తది?"
నాకు జవాబు తెలీదు. చాయ్ తెప్పించాను.

వానాకాలానికి నిచ్చెన ఎక్కడం సగమైంది.
జోరుగా పోతుందనుకున్న పెద్ద సైజు బోల్టు
రెండేళ్లుగా కదల్లేదని తెలిసింది.
దాని మీద వడ్డీ మాత్రం నెలనెలా కదిలింది.
వచ్చిన ధరకు వదిలించుకుని స్టెయిన్‌లెస్ సరుకు దింపాం.
చర్లపల్లి ఆర్డర్లు ఫోన్లోకే రావడం మొదలైంది.

అప్పుడొక రోజు
తీసెయ్యాల్సిన సరుకు అని యంత్రం ఓ జాబితా ఇచ్చింది.
మొదటి పేరు, ఎడమ మర బోల్టు.
ఏడాదికి అమ్మినవి పద్నాలుగు.
జిలానీ భాయ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"ఇవి బాలానగర్ లేత్ షెడ్డు పెంటయ్యకు.
బజారంత తిరిగి ఇక్కడికే వస్తడు.
వచ్చినోడు ఒట్టిగ పోడు."
పెంటయ్య పేరు కొట్టి చూశాం.
ఆ పద్నాలుగు బోల్టుల వెంట
రెండు లక్షల ఎనభై వేల సరుకు
గడప దాటి వెళ్లింది.
తెర అబద్ధం ఆడలేదు.
మేం అడిగిన ప్రశ్నే పొట్టిది.

ఇంకోటి చెప్పాలి, సిగ్గుగానే ఉంది.
బాకీ సందేశాలు వాటంతటవే పోయేలా పెట్టాం.
ఓ మంగళవారం పొద్దున తొమ్మిదింటికి
అందరితో పాటే
ఉప్పుగూడలో గ్రిల్లులు చేసే మల్లారికీ పోయింది.
ఆ తొమ్మిదింటికి వాళ్ల వాకిట్లో పాడె కడుతున్నారు.
మర్నాడు డబ్బు మొత్తం వచ్చింది, పైసా తగ్గకుండా.
మనిషి మళ్లీ రాలేదు.

ఇప్పుడు జాబితా యంత్రం రాస్తుంది,
పంపే మీట మీద వేలు జిలానీ భాయ్‌ది.
పేరుపేరునా చదువుతాడు.
"ఈయనకు ఆగుదాం, బిడ్డ ఆస్పత్రిల ఉంది."
"వీనికి రెండుసార్లు కొట్టు, కొత్త కారు కొన్నడు."

మర అంటే యంత్రం.
మర అంటే బోల్టు ఒంటి మీద చుట్టుకుపోయే గాడి కూడా.
రెంటికీ ఒకే మాట ఎవరు పెట్టారో గాని
ఇనుప కొట్లో కూచున్నవాళ్లే అయ్యుంటారు.

నిన్న కొత్తగా చేరిన కుర్రాడు
ఓ బోల్టుకి నట్టు ఎక్కిస్తూ చెమటలు కక్కుతున్నాడు.
కుడికి తిప్పుతాడు, ఎక్కదు,
పళ్లు బిగించి ఇంకా గట్టిగా తిప్పుతాడు.
వెనక అరల్లోంచి గొంతు వినిపించింది.
"బలం కాదు బేటా.
ముందు దాని మర ఎటుందో చూడు."