తరుగు

పదహారు వందల బాకీకి బదులుగా
గూడ్సు గార్డు సింహాద్రి
ఒక జోళ్ళ పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.
"టిట్లాగఢ్ బదిలీ అయిపోయింది మాస్టారూ.
ఉంగరం నా వేలికుంది, ఇది మీకుంచండి.
బొమ్మజాతి. ఇంతకంటే పెరగదు."
పెట్టెలో పత్తి ఉండ ఒకటి
వణుకుతోంది.

రాయగడ స్టేషను వెనక మా కొట్టు.
ఇరవై ఏడేళ్ళుగా నేను తూచినవన్నీ
కదలకుండా కూర్చున్నవే.
దీన్ని పళ్ళెంలో పెడితే
గుండె కొట్టుకున్నప్పుడల్లా
చివరి అంకె మారింది.
చాలాసేపు చూసి, మధ్యలో ఒకదాన్ని పట్టుకుని
బిల్లు పుస్తకం వెనక రాశాను:
ఐదు వందల డెబ్భై నాలుగు గ్రాములు.

మర్నాడు ఐదు వందల అరవై ఒకటి.
ఆ మర్నాడు నలభై ఆరు.
తరుగంటే నాకు తెలుసు.
కరిగిస్తే పోయేది, అరగదీస్తే పోయేది,
కొట్టు ఊడ్చిన దుమ్ములో మళ్ళీ ఏరుకునేది.
ఇది ఎక్కడ రాలిపోతోందని
ఏ దుమ్ము జల్లించను?

పాలు వద్దంది. పెసరకట్టు వద్దంది.
రైలు కూతేస్తే నిలబడ్డచోటే ఉచ్చ పోసింది.
ఆదివారం మజ్జిగౌరమ్మ గుడికి మొక్కుల డప్పులు వెళ్తుంటే
పటకార్ల పెట్టె వెనక దూరి
చీకటిపడేదాకా రాలేదు.
అప్పటికి తట్టింది నాకు,
నా సుత్తి.
పొద్దుటినుంచీ దాని చెవి పక్కనే.
ఆ చప్పుడు మాకు అన్నం.
దానికి ఏమిటో ఎవరడిగారు?

పెళ్ళిళ్ళ నెల. తొమ్మిది ముక్కెరలు, ఒక కడియాల జత,
కాగితం మిల్లు మేస్త్రీ కూతురి పుస్తెలు.
సుత్తిని గుడ్డలో చుట్టి పైన పెట్టేశాను.
అడిగినవాళ్ళకి భుజం నొప్పన్నాను.
ఒరియాలో అబద్ధం తేలిగ్గానే వచ్చింది,
నరసకాంతం ముందు తెలుగులో రాలేదు.
"కుక్క కోసం కొట్టు కట్టేత్తావేటి?" అంది.
అని, తన పాత స్వెట్టరు చెయ్యి కత్తిరించి తెచ్చింది.

నాలుగో రోజు తెల్లారేసరికి
మెడ నిలబడలేదు.
చెవులు చల్లన, చిగుళ్ళు సున్నం.
కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడ్డంలేదు.
ఫోనులో పశువుల డాక్టరు సాహుబాబు నిద్రగొంతు:
"చక్కెర పడిపోయింది. తీపి ఏదైనా చిగుళ్ళకి రాయి.
నోట్లో పొయ్యకు, పొలమారుతుంది."

నరసకాంతం పంచదార డబ్బాకి లోపలికి పరుగెత్తింది.
గడప మీద సంబారి సికాక.
తాకట్టు వెండి విడిపించుకోడానికి
మునిగుడ నుంచి మొదటి బస్సుకి దిగింది.
ఏమీ అడగలేదు. బుట్టలోంచి సీసా తీసి
ఆకు బిరడా పళ్ళతో లాగి
"మొహు" అంది.
కొండతేనె.
నేను వేలు ముంచబోతే తోసేసింది,
నా వేళ్ళు ఆసిడ్ వాసన.
తన చిటికెన వేలే పెట్టింది.

నేను కుంపటి రాజేశాను.
ఊదుగొట్టం ముట్టుకోలేదు,
ఉత్తి ఊపిరితో,
మంట లేవకుండా, బొగ్గు ఆరకుండా.
ఎంత వేడికి బంగారం లొంగుతుందో చెప్పగలను.
ప్రాణానికి ఎంత కావాలో
అరచెయ్యి వెనక్కి తిప్పి చూసుకుంటూ కూర్చున్నాను.

గురివింద గింజంత నాలుక
ఒకసారి బయటికొచ్చి
ఆవిడ వేలు తాకి లోపలికి పోయింది.

సంబారి వడ్డీ రూపాయితో సహా లెక్క కట్టింది.
సీసా నూట ఇరవై అంది.
నేను బేరమాడలేదు.

తర్వాత రెండేసి గంటలకో అలారం.
కొత్త డ్రాపరుతో తేనెనీళ్ళు,
మెత్తగా మెదిపిన అన్నం, కోడి ఉడికిన నీళ్ళు.
పడుకున్నవేళ స్వెట్టరు చేతిలోంచి ముక్కు ఒక్కటే కనిపించేది.
ఐదు వందల నలభై తొమ్మిది.
యాభై మూడు.
యాభై రెండు. ఆ రాత్రి మేమిద్దరం పడుకోలేదు.
అరవై.

నా కాటా ఆరువందల దాకానే తూస్తుంది.
ఇవాళ పళ్ళెంలో పెడితే
అంకెలు పోయి అడ్డగీతలు వచ్చాయి,
కీచుమని అరిచింది యంత్రం.
దానికి బదులు ఇదీ అరిచింది,
మా ఇంట్లో మొదటిసారి.
"ఎంతుందేటి?" లోపల్నుంచి నరసకాంతం.
ఏం చెప్పను, పెరగదన్నాడు గార్డు.

మేస్త్రీ రెండుసార్లు వచ్చి వెళ్ళాడు.
సుత్తి దించాను, గుడ్డ విప్పాను.
ఒక దెబ్బ వేసి ఆగాను.
స్వెట్టరు చేతిలోంచి ఒక చెవి లేచింది.
రెండో దెబ్బ
ఇంకా నా చేతిలోనే ఉంది.