గూట్లోంచి

వేదిక అంచున, నేలలోకి దిగేసిన గూడు నాది.
బ్రెస్లౌ ఊళ్లో తొమ్మిదేళ్లు అందులో మునగదీసుకుని కూర్చున్నాను
నటులకు మాట అందిస్తూ.
నాకు మొహాలు కనబడవు, బూట్లే.
మాట మరిచినవాడి కుడి బూటు
కొంచెం లోపలికి తిరుగుతుంది.
అప్పుడు అందించాలి,
ఊపిరికంటే కాస్త గట్టిగా.

ఆ చలికాలం మేం ఆడిన సంగీత నాటకంలో
ఒక ఊరి బావి ఎండిపోతుంది.
పూడిక తీసే డబ్బు తనే మింగాడని మేయరు చెప్పడు.
పుర్రచేతివాళ్లు తాగేశారంటాడు.
ఆడలేనివాడు మద్దెల ఓడంటాడు,
ఇతను మద్దెల వాయించే చెయ్యే ఓడన్నాడు.
ఇక ఊరంతా అందుకుంటుంది:
ఏ చేత్తో తిన్నావు, ఏ చేత్తో తాగావు,
చూపించు, చూపించు చెయ్యి.
డోలు వాయించే రూబెన్ కట్టిన వరస అది.
పళ్ల సందున చిక్కిన పీచులా
ఇంటిదాకా వచ్చేది.

చివర్న ఒక ముసలమ్మ అనాలి:
"ముందు బావిలోకి తొంగి చూద్దాం పదండి."
వాలెస్కా రోజూ ఆ ఒక్క మాటే మరిచేది.
రోజూ నేనే అందించేదాన్ని.

ముందు వరసలో బూట్లు తాళం వేసేవి. నవ్వులు.
మేయరు జనంలోకి దిగి చేతులు అడిగినప్పుడు
ఒకామె మోకాలి మీది ఎడమ చెయ్యి
మెల్లగా కోటు జేబులోకి జారింది.
నాటకం తగులుతోంది అన్నాను రూబెన్‌తో.
"లేదు ఒటీలియా, ఆమె సాధన చేస్తోంది," అన్నాడు
డోలు తోలు బిగిస్తూ.

మరుసటేడు వసంతంలో
గోడపత్రిక మీద అతని పేరుకి తెల్లకాగితం అతికించారు.
మా యజమాని దయగలవాడే.
ఈ ఒక్క సీజనుకే అన్నాడు.
జిగురు తడి ఇంకా ఆరలేదు,
కింది అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి.

నేనుండేది నేలమాళిగలో.
కిటికీలోంచి అక్కడా బూట్లే.
ఒక సాయంత్రం బంగాళాదుంపలు ఒలుస్తుంటే
అదే వరస వీధి మలుపు తిరిగింది.
చెయ్యి అన్నచోట ఇంకో మాట పెట్టారు,
తాళం ఎక్కడా చెడలేదు.
నా పాదం కూడా,
సిగ్గు విడిచి చెబుతున్నాను,
రెండు దెబ్బలు వేసింది.

పాట ఆగింది.
కొత్త తోలు బూట్లు ఒక వలయం కట్టాయి.
మధ్యన మడమ అరిగిన గోధుమరంగు జత,
నేనెరిగిన జత.
ఎవరో ఏదో అడుగుతున్నారు.
జవాబు రావడం లేదు.

కుడి బూటు
కొంచెం లోపలికి తిరిగింది.

కిటికీ రెక్క వేలెడంత తెరిచే ఉంది.
చేతిలో కత్తి, సగం ఒలిచిన దుంప,
నాలుక మీద వాలెస్కా మరిచే మాట, అక్షరం పొల్లుపోకుండా.
ఊపిరికంటే కాస్త గట్టిగా, అంతే.
నేను దుంప తొక్క ఎక్కడా తెగకుండా
చివరిదాకా ఒలిచాను.